బందరు చరిత్ర: సందర్శకుని కంటికి ఆననిది

భూమిపై సంచరించి, గడచిపోయిన జాతుల గతి ఏమయిందో పరిశీలించమని దివ్య ఖుర్‌ఆన్ మానవుణ్ణి పలుచోట్ల ఆహ్వానిస్తున్నది. ఈ దృష్టితో చూస్తే యాత్ర కేవలం వినోదం కాదు. అది ఒక విధమైన విద్య. అయితే యాత్రికుడు తాను చూడదలచినదంతా చూడలేడు. అతనికి చూపబడినదే చూస్తాడు, చెప్పబడినదే నమ్ముతాడు. కనుక ఒక ఊరి చరిత్రను సందర్శకునికి పరిచయం చేసేవారిపై ఉన్న బాధ్యత చిన్నది కాదు. కృష్ణానది సముద్రంలో కలిసే ప్రాంతంలో శతాబ్దాలపాటు ప్రపంచ వాణిజ్యానికి ద్వారంగా నిలిచిన మచిలీపట్నం విషయంలో ఈ బాధ్యత ఎంతవరకు నెరవేరిందన్నది పరిశీలించదగిన ప్రశ్న.

దారిలోనే మొదలయ్యే లోపం

విజయవాడ నుండి దిగువకు ప్రయాణించేవారికి రెండు దారులున్నాయి. ఒకటి కంకిపాడు, ఉయ్యూరు, పామర్రుల మీదుగా సాగే బందరు రోడ్డు. రెండవది కృష్ణ కరకట్ట వెంబడి తోట్లవల్లూరు మీదుగా అవనిగడ్డ వైపు సాగే దారి. తోట్లవల్లూరులో సందర్శకుడు ఆగి చూడదగినది ఏమీ లేదని సాధారణ అభిప్రాయం. కోట లేదు, స్తూపం లేదు, పేరుమోసిన సమాధి లేదు. ఉన్నవి నది, లంక భూములు, పైరుపచ్చలు.

కాని చరిత్ర రాతిలోనే ఉంటుందని ఎవరన్నారు? జమీందారీల కాలంలో ఈ వల్లూరు బొమ్మదేవర వంశీయుల అధీనంలో ఉండేది. 'జమీందారు' అన్న మాట ఫారసీ. రైతు కట్టిన శిస్తుకు ఇచ్చే 'రసీదు', భూమి హక్కుకు రుజువైన 'దస్తావేజు', ఏటేటా జరిగే 'జమాబందీ', సర్కారు మనిషి 'తహశీల్దారు' — ఇవన్నీ అరబ్బీ, ఫారసీ మూలాల నుండి వచ్చి తెలుగు రైతు నాలుక మీద స్థిరపడినవే. అంతకంటె ఆశ్చర్యకరమైనది 'ఫసలీ'. జూలై ఒకటవ తేదీతో ఆరంభమయ్యే ఈ రెవిన్యూ సంవత్సరం మొగలుల కాలంలో హిజ్రీ శకాన్ని పంటల ఋతువులతో సమన్వయపరచడం కోసం పుట్టింది. అక్బరు పోయాడు, ఔరంగజేబు పోయాడు, కంపెనీ పోయింది, జమీందారీ పోయింది. ఫసలీ లెక్క మాత్రం గ్రామ దస్త్రాలను వదలలేదు. ఏ శిలాశాసనం ఇంతకంటె గట్టి సాక్ష్యం చెప్పగలదు?

ఇంకా ముందుకు పోతే కూచిపూడి వస్తుంది. అబుల్ హసన్ తానాషా 1670ల నాటి తన పర్యటనలో అక్కడి భాగవతుల ప్రదర్శనను తిలకించి, ఆ గ్రామాన్ని వారికి అగ్రహారంగా ఇచ్చాడని కూచిపూడి సంప్రదాయం కృతజ్ఞతతో చెప్పుకుంటుంది. ఇందుకు కూచిపూడివారిని అభినందించవలసిందే. అయితే ఈ సంఘటనను తిరిగి చెప్పే రచనలలో ఒక మాట తరచుగా దొర్లుతూ ఉంటుంది: తానాషా ముస్లిం 'అయినప్పటికీ' కళలను ఆదరించాడు అని. ఇది మెచ్చుకోలుగానే అనబడుతున్నది, సందేహం లేదు. కాని ఆ 'అయినప్పటికీ' వెనుక ఒక ఊహ ఉన్నది. ముస్లిం పాలకుడు సహజంగా తెలుగు కళకు దూరమై ఉండాలనీ, ఇతడెవరో దారి తప్పి మంచివాడయ్యాడనీ ఆ ఊహ. వాస్తవం దీనికి భిన్నం. తానాషాకు ముందు నూరేండ్ల నాడే ఇబ్రాహీం కుతుబ్ షా (1550–1580) తెలుగు కవుల చేత మల్కిభరాముడని పిలిపించుకున్నాడు. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకు అంకితమిచ్చాడు. ఆయన కొలువులోని అమీన్ ఖానుకు పొన్నగంటి తెలగనార్యుడు యయాతి చరిత్రను అంకితమిచ్చాడు. అచ్చతెలుగు కావ్యాలలో మొదటిదిగా పేరొందిన గ్రంథం ఒక ముస్లిం సర్దారుకు అంకితమైనది! కనుక తానాషా మినహాయింపు కాదు, ఒక ఆనవాయితీకి వారసుడు. 'అయినప్పటికీ' అన్న ఒక్క మాట తీసివేస్తే వాక్యం చిన్నదవుతుంది, చరిత్ర పెద్దదవుతుంది.

కరపత్రాలలోని బందరు

ఇక బందరు ఊరి సంగతి. యాత్రికుల కోసం వ్రాసే పరిచయాలు సాధారణంగా ఒకే మూసలో ఉంటాయి. మంగినపూడి సముద్రతీరం, చిలకలపూడి పాండురంగని ఆలయం, బందరు కోట శిథిలాలు, డచ్చివారి సమాధులు, సెయింట్ మేరీ చర్చి, కలంకారీ అద్దకం, చిలకలపూడి రోల్డుగోల్డు నగలు, బందరు లడ్డు. వీటికి తోడు జాతీయోద్యమ ఘట్టం: 1902లో ఆరంభమైన కృష్ణాపత్రిక, 1910లో వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాల, 1923లో పట్టాభి సీతారామయ్యగారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకు. ఇవన్నీ నిజాలే, గర్వించదగినవే. ఏ ఒక్కటీ తీసివేయవలసిన పని లేదు.

లోపం ఉన్నది వీటి మధ్య అల్లబడే కథలో. శాతవాహనుల కాలంలో ఇది రేవు అంటారు. ఆ వెంటనే డచ్చివారు వచ్చారు, ఆంగ్లేయులు వచ్చారు, ఫ్రెంచివారు వచ్చారు అంటారు. మధ్యనున్న పదిహేను వందల ఏండ్లు ఒక్క అంగలో దాటబడతాయి. గోల్కొండ పేరు వచ్చినా అనుమతి ఇచ్చిన వ్యక్తిగా ఒక్క వాక్యంలో వచ్చి పోతుంది. పాఠకునికి కలిగే అభిప్రాయం ఏమిటి? ఐరోపావారు వచ్చి, ఖాళీగా పడియున్న ఇసుకతీరాన ఒక రేవును సృష్టించారని. కాని కొనదగిన సరకు, అమ్మదగిన అంగడి, దిగదగిన రేవు అంతకుముందే లేకపోతే వారు అంత దూరం నుండి ఎందుకు వచ్చినట్లు?

ఈ కథకు అలంకారంగా కొన్ని పుక్కిటి పురాణాలు చేరాయి. పట్నం ద్వారానికి ఒక మహామత్స్యం కళ్ళను అమర్చినందున 'మచిలీ'పట్నమనే పేరు వచ్చిందన్నది వాటిలో ఒకటి. ఇటువంటి కథనాలను ఎట్లా తూచాలో ఇబ్నె ఖల్దూన్ 1377లో వ్రాసిన తన ముఖద్దిమాలో ఏనాడో చెప్పియున్నాడు. చరిత్రకారుడు తన చెవినబడిన ప్రతి వార్తను మూటగట్టుకుని ముందుతరానికి అందించే కూలివాడు కాడనీ, వస్తువుల సహజ స్వభావంతోనూ సమాజ స్థితిగతులతోనూ పోల్చి చూసిన తరువాతనే స్వీకరించాలనీ ఆయన సిద్ధాంతం. మూసా ప్రవక్త సేనలో ఆరు లక్షల మంది ఉన్నారన్న మసూదీ వంటి మహాచరిత్రకారుని లెక్కను కూడ ఆయన ఈ గీటురాయి మీదనే గీసి త్రోసిపుచ్చాడు. ఆ గీటురాయి మీద మత్స్యనేత్రాల కథ నిలువదు. చేప కన్ను ద్వారబంధంలో ఎన్నాళ్ళుంటుంది? పైగా గ్రీకు నావికుల గ్రంథమైన పెరిప్లస్ ఈ తీరాన్ని మసాలియా అనీ, రెండవ శతాబ్దపు టోలెమీ మైసోలియా అనీ పేర్కొన్నారు. వారు చెప్పిన పేరుకూ ఈ ఊరి పేరుకూ ఉన్న పోలికను పలువురు పండితులు గుర్తించారు. కోట, ద్వారం వెలసినది అందుకు వేయి సంవత్సరాలకు పైబడిన తరువాత.

విచిత్రమేమంటే, వివరణ అక్కరలేనంత స్పష్టంగా ఉన్న రెండవ పేరు గురించి ఎవరూ మాట్లాడరు. 'బందరు' అంటే ఫారసీలో రేవు. ఇరాన్‌లోని బందర్ అబ్బాస్‌లో ఉన్నదీ ఈ మాటే. మలయా ద్వీపాలలో రేవు అధికారిని షహబందర్ అన్నదీ ఈ మాటతోనే. బస్సు కండక్టరు "బందరు, బందరు" అని కేకవేసిన ప్రతిసారీ హిందూ మహాసముద్రపు రెండు తీరాలను కలిపిన ఒక వ్యాపార భాష పలుకుతున్నది. ఊరి పేరులోనే ఉన్న చరిత్రను వదిలి, చేప కళ్ళలో వెదకడం ఏమి న్యాయం?

రేవు బ్రతికిన రోజులు

కుతుబ్ షాహీల చేతిలో ఈ రేవు వృద్ధి చెందినది పదహారవ శతాబ్దపు ఉత్తరార్ధంలో. అరేబియా సముద్రంలో పోర్చుగీసుల పహరా కఠినంగా ఉన్న రోజులవి. వారి అనుమతి పత్రం లేని ఓడ దొరికితే దోపిడీయే. అటువంటి కాలంలో తూర్పు తీరాన గోల్కొండ ఓడలు ఒక వైపు ఎర్ర సముద్రానికి, మరొక వైపు అరకాన్, పెగూ, అచే రేవులకు నడిచాయి. డచ్చివారు ఇక్కడ దిగినది 1605–06లో. ఆంగ్లేయుల 'గ్లోబ్' ఓడ వచ్చినది 1611లో. ఫ్రెంచివారికి ఫర్మానా దొరికినది 1669లో. అంటే ఐరోపావారు నడుస్తున్న అంగడికి వచ్చిన కొత్త బేరగాళ్ళు. 1632లో సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్ షా ఆంగ్లేయులకు ఇచ్చిన 'బంగారు ఫర్మానా'ను వారు అపురూపంగా దాచుకున్నారంటే, ఇచ్చే చేయి ఎవరిదో, పుచ్చుకునే చేయి ఎవరిదో వేరే చెప్పనక్కరలేదు.

ఇందుకు సాక్ష్యాలు ముస్లిం గ్రంథాలలో మాత్రమే ఉన్నాయనుకుంటే పొరపాటు. 1618 నుండి 1622 వరకు ఇక్కడ పనిచేసిన ఆంగ్ల వర్తకుడు విలియం మెథ్వోల్డ్ వ్రాసిన వృత్తాంతం 1626లో అచ్చయింది. ఏటా జనవరిలో ఇక్కడి ఓడలు మోఖా రేవుకు బయలుదేరి, సెప్టెంబరు, అక్టోబరులలో తిరిగి వచ్చేవని ఆయన చెబుతున్నాడు. మక్కా, మదీనాల యాత్రికులకు దానంగా గోల్కొండ ప్రభువు బియ్యం పంపేవాడని కూడ ఆయనే నమోదు చేశాడు. తెలుగు నేల ధాన్యం హిజాజ్ యాత్రికుల ఆకలి తీర్చిందన్న ఈ సంగతిని బందరు వచ్చే ఏ సందర్శకునికైనా ఎవరైనా చెబుతున్నారా? 1652లో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే బంగాళాఖాతంలో ఇంతకు మించిన లంగరు స్థలం లేదన్నాడు. పెగూ, సయాం, అరకాన్, సుమత్రా, హోర్ముజ్, మక్కా దిక్కులకు ఓడలు ఇక్కడి నుండే వెళ్ళేవని వ్రాశాడు.

ఈ రేవు తయారుచేసిన మనుషులలో మీర్ ముహమ్మద్ సయీద్ కథ మరీ విశేషమైనది. ఇరాన్‌లోని అర్దిస్తాన్ నుండి బ్రతుకుతెరువు వెదుక్కుంటూ వచ్చిన ఈ సయ్యద్, మచిలీపట్నం హవల్దారై, 1643లో గోల్కొండ మీర్ జుమ్లా అయ్యాడు. సొంత ఓడలు నడిపాడు, వజ్రపు గనులు గుత్తకు పట్టాడు, చివరకు సుల్తానుతో చెడి మొగలుల పక్షం చేరి, అస్సాం దండయాత్ర అనంతరం 1663లో మరణించాడు. ఒక మనిషి జీవితంలో ఈ రేవు వైభవమూ, ఆ రాజ్యపు పతనబీజమూ రెండూ కనిపిస్తాయి.

రాయి లేనంత మాత్రాన

ఇంత చరిత్ర ఉంటే దాని ఆనవాళ్ళు ఏవని సందర్శకుడు అడగవచ్చు. ప్రశ్న సమంజసమే. సమాధానం టావెర్నియే వ్రాతలోనే ఉన్నది: ఊళ్ళోని ఇళ్ళు కొయ్యతో కట్టినవి. కొయ్య చెదపడుతుంది, కాలిపోతుంది, వరదలో కొట్టుకుపోతుంది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన ఊరిమీద పడి సుమారు 30,000 మందిని బలి తీసుకున్నది. దివిసీమ ప్రజలకు 1977 నవంబరు 19 ఎటువంటిదో, బందరుకు ఆ రాత్రి అటువంటిది. ఆ నీటికి నిలిచినవి రాతి సమాధులు, బలమైన గోడలు. అవి అధికభాగం ఐరోపావారివి. తన దేశానికి తిరిగి పోలేక చనిపోయిన డచ్చి వర్తకుడు తన పేరు రాతిపై చెక్కించుకున్నాడు. ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగినవానికి ఆ అవసరం కలుగలేదు.

కనుక సందర్శకుని కంటికి కనిపించే నిష్పత్తి చరిత్రలోని నిష్పత్తి కాదు. మిగిలిన రాళ్ళను లెక్కపెట్టి చరిత్ర వ్రాస్తే, అది కాలం చేసిన అన్యాయానికి కలం చేసిన అన్యాయాన్ని జోడించడమే అవుతుంది. సైన్యాధికారి జాన్ పేటర్ తన ప్రియురాలి సమాధి మీద చర్చి కట్టించాడన్న కథ ప్రతి సందర్శకునికీ చెప్పబడుతుంది. అది హృదయాన్ని తాకే కథే. కాని ఒకరి ప్రేమకథకు పేజీ దొరికిన చోట వేలాదిమంది హాజీల ప్రయాణానికి పంక్తి దొరకకపోవడమే విచారకరం.

రాయి కానివి చాలానే మిగిలాయి. పేటల పేర్లు చూడండి. వలందపాలెం డచ్చివారిది, తెలుగువారు హాలెండు వారిని వలందులన్నారు. పరాసుపేట ఫ్రెంచివారిది, కొందరు పొరబడినట్లు అది పారశీకులది కాదు. ఇంగ్లీషుపాలెం సంగతి చెప్పనే అక్కరలేదు. వీటి పక్కనే రుస్తుంబాద తన ఇరానీ పేరుతో నిలిచియున్నది.

అన్నిటికంటె గొప్ప సాక్ష్యం గుడ్డ మీద ఉన్నది. 'కలం' అరబ్బీ మాట, 'కారీ' ఫారసీ ప్రత్యయం. పని మాత్రం తెలుగు చేతులది. బట్టను కరక్కాయ కషాయంలోనూ పాలలోనూ నానబెట్టడం, ఇనుమును బెల్లపు నీటిలో ఊరబెట్టి నలుపు తీయడం, పటికతో అద్దిన చోట ఎరుపు పట్టేలా ఉడికించడం, పారే నీటిలో జాడించడం — ఈ విద్య ఈ తీరానిది. ఈ తీరపు ఇసుక నేలల్లో పెరిగే చిరివేరు ఎరుపుకు దేశదేశాల గిరాకీ ఉండేది. ఇరాన్ అంగడి కోరిన పూలతీగలు, సరువు చెట్లు, మిహ్రాబు ఆకారాలు ఇక్కడి టేకు అచ్చులలోకి దిగాయి. పెడనలో నేటికీ ఆ అచ్చులు పలుకుతున్నాయి. కలంకారీని కేవలం 'చేతివృత్తి, కొనదగిన వస్తువు' అని పరిచయం చేసి వదిలివేయడం, ఒక గ్రంథాన్ని దాని అట్ట అందం కోసం అమ్మడం వంటిది.

లోపం ఒకవైపే లేదు

ఇంతవరకు చెప్పినది చదివి ముస్లిం పాఠకులు తృప్తిపడి ఊరుకోవడం తగదు. న్యాయం తనకు వ్యతిరేకంగా అయినా పలకవలసిందేనన్నది ఇస్లాం బోధ. ముస్లింలు తమ చరిత్రను చెప్పుకునే తీరులోనూ తక్కువ లోపాలు లేవు. వారి ప్రసంగాలలో గోల్కొండ అంటే సుల్తానుల ఔదార్యం, వజ్రాలు, చార్మినారు. రేవులో బరువులు మోసినవాడు, పడవ నడిపిన పల్లెకారు, మగ్గం నేసిన సాలె, సరకుకు పెట్టుబడి పెట్టిన కోమటి ఆ కథలో ఎక్కడా కనిపించరు.

సుల్తానుల కీర్తికి సాక్షిగా పిలిచిన మెథ్వోల్డే మరొక సంగతి కూడ చెబుతున్నాడు. పరగణాల, రేవుల అధికారాలను ఏటేటా వేలం వేసి గుత్తకు ఇచ్చేవారు. గుత్తదారు తన పాటను రాబట్టుకోవడానికి ప్రజలను పీడించేవాడు. మచిలీపట్నం అధికారి ఒకడు పాట సొమ్ము పూర్తిగా చెల్లించలేక బెత్తపు దెబ్బలకు ప్రాణాలు విడిచాడని ఆయన వ్రాశాడు. మక్కాకు పంపిన బియ్యమూ, ఈ దెబ్బలూ ఒకే ఖజానాకు సంబంధించినవి. సాక్షి చెప్పిన మొదటి మాటను స్వీకరించి రెండవ మాటను దాచడం ఏ న్యాయస్థానంలోనూ చెల్లదు. తానాషా ఔదార్యాన్ని స్మరించేవారు, ఆయన మంత్రులు అక్కన్న, మాదన్నల 1686 నాటి దారుణ హత్యను, 1687లో (హి. 1098) గోల్కొండను ముట్టడించి కూల్చినది మరొక ముస్లిం పాదుషా అన్న నిజాన్ని కూడ స్మరించాలి. చరిత్రను మతాల మధ్య పోటీగా చెప్పేవారికి ఈ ఒక్క ముట్టడి చాలు, నోరు మూయించడానికి.

ప్రామాణిక గ్రంథాలు లేవన్న సాకు కూడ చెల్లదు. హారూన్ ఖాన్ షేర్వానీ కుతుబ్ షాహీ వంశచరిత్ర 1974లో వెలువడింది. దక్షిణ భారత వాణిజ్యంపై సంజయ్ సుబ్రహ్మణ్యం గ్రంథం 1990లో, మచిలీపట్నం, ఖంబాయతు రేవులపై అరసరత్నం, అనిరుద్ధ రాయ్‌ల గ్రంథం 1994లో వచ్చాయి. అవన్నీ ఆంగ్లంలో ఉన్నాయి. తెలుగు చదివే బందరు యువకునికి వీటి సారాంశాన్ని అందించే చిన్న పుస్తకాలు అవసరమైనన్ని రాలేదు. ఈ బాధ్యతను ఇతరులపై నెట్టి, ఇతరులు తమను విస్మరించారని ఫిర్యాదు చేయడం ఎంతవరకు సబబు?

చేయదగినది

2023లో బందరులో కొత్త ఓడరేవు నిర్మాణం ఆరంభమయింది. రేవు మళ్ళీ లేస్తే ఊరికి కొత్త జనం వస్తారు, భూముల ధరలు పెరుగుతాయి, పాత గోడలు పడిపోతాయి. పాతది నమోదు చేయడానికి మిగిలియున్న వ్యవధి ఇదే. కోటలో మిగిలిన కట్టడాలను, డచ్చి సమాధులను పురావస్తు శాఖ చూసుకుంటుంది. మసీదుల గోడలపైని శాసనాలను, ఖబరస్తానులలోని రాతలను, ఇళ్ళలోని పాతపెట్టెలలో పురుగులు తింటున్న ఫారసీ సనదులను, వఖ్ఫు పత్రాలను ఎవరు చూసుకోవాలి? ఫారసీ చదవగలవారు రోజురోజుకూ తగ్గిపోతున్నారు. ఒక కాగితం చెడితే దాని నకలు ఎక్కడా దొరకదు.

ఇందుకు పెద్ద నిధులు అక్కరలేదు. ప్రతి మసీదు కమిటీ తన పరిధిలోని శాసనాలకు ఫోటోలు తీయించి, తెలుగు అనువాదంతో ఒక ప్రతిని భద్రపరచవచ్చు. కళాశాల విద్యార్థులు పేటల పేర్లను, అద్దకపు పనివారి పారిభాషిక పదాలను సేకరించవచ్చు. డచ్చి సమాధుల మొదలు కుతుబ్ షాహీ రేవు వరకు, జాతీయ కళాశాల మొదలు ఉప్పెన మృతుల వరకు అందరికీ చోటిచ్చే ఒక్క నమ్మకమైన తెలుగు కరపత్రం వస్తే చాలు. దానిలో ఎవరినీ కించపరచనక్కరలేదు, ఎవరినీ ఆకాశానికి ఎత్తనక్కరలేదు.

కరకట్ట మీద తోట్లవల్లూరు దాటిపోయే సందర్శకుడు ఆ ఊళ్ళో చూడదగినదేదీ లేదనుకుంటాడు. అతని చేతికి ఒక పాత శిస్తు రసీదు ఇచ్చి, దానిపైనున్న ఫసలీ సంవత్సరం ఎక్కడి నుండి వచ్చిందో చెప్పగలిగితే, అతడు బందరు చేరేసరికి సమాధి రాళ్ళకు ఆవలనున్న రేవును కూడ చూడగలుగుతాడు.